సీటు ఎత్తు ఎంత పెట్టాలి? మోకాలి నొప్పి, తిమ్మిరి - శ్రీకాకుళం, విజయనగరం వైపు సైకిల్ తొక్కేవాళ్ళు చెప్పండి

గార రోడ్డు మాస్టారు | శనివారం రాత్రి 9:05

అందరికీ నమస్కారం. గార వైపు ఒక పల్లెలో బడి నాది. బస్సు టైమింగులు కుదరక శ్రీకాకుళం నుంచి సైకిల్ మీదే వెళ్ళొస్తున్నాను. పాత సైకిల్ పాడైపోయాక ఈ మధ్యే గేర్లది తీసుకున్నాను. షాపులో నన్ను సీటు మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేదాకా సీటు దించి, బిగించి ఇచ్చేశారు. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు వంతెన ఎక్కేటప్పుడు మోకాలి చిప్ప ముందు భాగంలో సలుపు, ఇంటికొచ్చాక మెట్లెక్కాలన్నా కష్టంగా ఉంది. దానికి తోడు సగం దారి వెళ్ళేసరికి కింద తిమ్మిరెక్కుతోంది, చెప్పుకోవడానికి మొహమాటమే కానీ ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ అడుగుతాను. మెత్తగా ఉంటుందని జెల్ కవర్ కొని తొడిగాను, అది వేసినప్పటి నుంచి తిమ్మిరి ఇంకా ఎక్కువైంది. సీటు మార్చెయ్యాలా, అసలు ఈ సైకిలే నాకు పడదా? నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు.

ఘంటస్తంభం | శనివారం రాత్రి 9:31

మాస్టారూ, సైకిల్ మార్చకండి, సీటు కూడా మార్చకండి. సీటు ఎత్తండి. మోకాలి ముందు నొప్పి వస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది సీటు కిందికి ఉండటమే. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనుతున్నాయంటే అది స్టూలు మీద కూర్చున్నట్టే, తొక్కడానికి పనికొచ్చే ఎత్తు కాదు. ఆ జెల్ కవర్ కూడా ఈ రాత్రే తీసి పక్కన పెట్టండి.

పాత హెర్క్యులస్ | శనివారం రాత్రి 10:02

నేను ఒప్పుకోను. మాది ఆమదాలవలస, చిన్నప్పటి నుంచి సైకిలే నా బండి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆటో ఒకడు అడ్డంగా తిప్పేస్తాడు, ఇటు నుంచి గేదె వస్తుంది, ఆ టైములో కాలు కింద ఆనకపోతే మనిషి ఏటి కావాలి? రేసులు తొక్కే కుర్రాళ్ళ లెక్కలు తెచ్చి ఇంటి నుంచి బడికి వెళ్ళే మనిషికి చెప్పకండి. మా వైపు పాల క్యాన్లు కట్టుకుని వెళ్ళేవాళ్ళు, చేపల బుట్టలు వేసుకుని వెళ్ళేవాళ్ళు అందరూ సీటు కిందికి పెట్టుకునే తొక్కుతున్నారు.

కొత్తవలస రైడర్ | శనివారం రాత్రి 10:48

పెద్దాయన చెప్పినదాంట్లో నిజం ఉంది. వెనక బరువు ఉన్నవాళ్ళకి కాలు ఆనడం నిజంగా అవసరం, నలభై కిలోల పాలు ఒక పక్కకి ఒరిగితే మునివేళ్ళతో ఆపలేరు. వాళ్ళు వేగం కోసం తొక్కరు, వాళ్ళ సీటు కిందే ఉండనివ్వండి. కానీ మాస్టారు తీసుకెళ్ళేది ఒక టిఫిన్ బాక్సు, రెండు పుస్తకాలు.

కాలు ఆనడం, కాలు చాపడం రెండూ ఒకే ఎత్తులో ఎందుకు కుదరవో లెక్క చూడండి. పెడల్స్ ఏ మధ్య ఇరుసు చుట్టూ తిరుగుతాయో అది నేల నుంచి దాదాపు 27, 28 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. క్రాంక్, అంటే ఆ ఇరుసుని పెడల్‌కి కలిపే కడ్డీ, పొడవు మామూలుగా 17 సెంటీమీటర్లు. అంటే పెడల్ అట్టడుగుకి వచ్చినప్పుడు కూడా నేలకి ఇంకా పది సెంటీమీటర్లు పైనే ఉంటుంది. మీ పాదం నేలకి పూర్తిగా ఆనుతోందంటే, పెడల్ కింద ఉన్నప్పుడు మీ కాలు చాపాల్సినదానికన్నా పది సెంటీమీటర్లు ముడుచుకుని ఉందన్నమాట. ఇక పెడల్ పైకి వచ్చేసరికి మోకాలు ఎంత మడతపడుతుందో ఊహించుకోండి. అంత మడతలో ఉన్న మోకాలి మీద బలం వేసి తొక్కితే చిప్ప వెనకాల ఒత్తిడి పెరుగుతుంది, అదే మీ సలుపు. పైగా తొడ కండరం పూర్తిగా చాపుకోలేదు కాబట్టి అంతే దూరానికి ఎక్కువ అలసిపోతారు.

ఆగేటప్పుడు ఏం చెయ్యాలంటే, సీటు మీద కూర్చునే ఆగకూడదు. బ్రేకు పట్టుకుంటూ సీటు ముందుకి జారి, బారుకి రెండు వైపులా నిలబడాలి, ఒక కాలు నేల మీద, రెండోది పెడల్ మీద. ఆ పెడల్‌ని ముందుకి, కొంచెం పైకి ఉండేలా తిప్పి పెట్టుకుంటే సిగ్నల్ పడగానే ఒక్క తొక్కుతో మళ్ళీ సీటు మీద ఉంటారు. ఆదివారం పొద్దున్న ఖాళీ రోడ్డు మీద కాసేపు అలవాటు చేసుకోండి, ఏడు రోడ్ల జంక్షన్‌లో కూడా ఇబ్బంది ఉండదు.

నట్టు బోల్టు | ఆదివారం ఉదయం 6:20

నరసన్నపేటలో నాది సైకిల్ షాపు. లెక్కలు వాళ్ళు చెప్తారు, నేను చేతిపని చెప్తాను.

గోడ పక్కన సైకిల్ నిలబెట్టి, ఒక చెయ్యి గోడకి ఆనించి సీటెక్కండి. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకునే ఎక్కండి. మడమని పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పండి. పెడల్ అట్టడుగుకి వచ్చినప్పుడు మోకాలు సరిగ్గా నిటారుగా అవ్వాలి, నడుము ఒక పక్కకి వాలకూడదు, మడమ పెడల్ని వదలకూడదు. అంతే, అది మీ ఎత్తు. మడమ తీసి, వేళ్ళ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, తొక్కేటప్పుడు కావాల్సింది ఆ వంపే. మావాళ్ళు చాలామంది అరికాలి మధ్యలో పెడల్ పెట్టుకుని తొక్కుతారు, అది కూడా మార్చుకోవాలి.

సీటు కదిపే ముందు పైపు ఫ్రేములోకి దిగే చోట చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వెయ్యండి. ఇంతకు ముందు ఎక్కడుందో తెలియకపోతే ఎంత ఎత్తారో తెలియదు. ఒకేసారి జానెడు ఎత్తెయ్యొద్దు. మీది బాగా కిందికి ఉంది కాబట్టి మొదట ఒక అంగుళం ఎత్తి నాలుగైదు రోజులు తొక్కండి, ఆ తర్వాత అర సెంటీమీటరు, అర సెంటీమీటరు చొప్పున వెళ్ళండి. కండరాలకి కూడా అలవాటు అవ్వాలి.

ఇంకో మాట, ఇది ప్రాణం మీదకి వచ్చే విషయం. సీటు పైపు మీద కింది భాగంలో అడ్డగీతలు చెక్కి ఉంటాయి. ఆ గీతలు ఎప్పుడూ ఫ్రేము లోపలే ఉండాలి. బయటికి కనిపించాయంటే పైపు విరగొచ్చు, ఫ్రేము చీలొచ్చు. గీతలు లేని పాత పైపు అయితే కనీసం రెండున్నర అంగుళాలు లోపల ఉండాలి. అంత ఎత్తినా చాలకపోతే పొడుగు పైపు కొనుక్కోండి కానీ ఉన్నదాన్ని లాగొద్దు.

ఘంటస్తంభం | ఆదివారం ఉదయం 7:15

పైన మెకానిక్ అన్న చెప్పిన మడమ పద్ధతికి తోడు ఒక లెక్క కూడా ఉంది. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడి, లావుపాటి అట్ట పుస్తకం ఒకటి రెండు కాళ్ళ మధ్య పైకి గట్టిగా, సీటు నొక్కినంత గట్టిగా ఆనించి, దాని పై అంచు గోడ మీద గీత గియ్యాలి. నేల నుంచి ఆ గీత దాకా కాలి కొలత. దాన్ని 0.883తో గుణిస్తే క్రాంక్ తిరిగే మధ్య ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా, పైపు వెంబడి కొలిచే ఎత్తు వస్తుంది. 1986, 1989, 1990లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరు మీద చెలామణిలో ఉన్న లెక్క ఇది. ఇంకోటి 1967లో ఇంగ్లాండులో హామ్లీ, థామస్ ఇచ్చినది: కాలి కొలతకి 109 శాతం, కానీ ఇది అట్టడుగున ఉన్న పెడల్ నుంచి సీటు దాకా.

మాస్టారు ఎత్తుకి కాలి కొలత 78 సెంటీమీటర్లు అనుకుందాం. మొదటి లెక్కలో 68.9 వస్తుంది. రెండోదాంట్లో 85, అందులోంచి క్రాంక్ 17 తీసేస్తే 68. అంటే రెండింటికీ ఒక సెంటీమీటరు కూడా తేడా లేదు. ఈ రెండింటి మధ్యలో మొదలుపెట్టండి, మిగతాది ఒళ్ళే చెప్తుంది.

పాత హెర్క్యులస్ | ఆదివారం ఉదయం 8:40

ఎత్తితే తుంటి నొప్పి పుట్టినవాళ్ళని కూడా చూశాను, అది కూడా చెప్పండి మరి.

కొత్తవలస రైడర్ | ఆదివారం ఉదయం 9:10

అవునండీ, అతిగా ఎత్తినా అంతే నష్టం. మోకాలి వెనక గుంటలో నొప్పి వస్తే, పిక్క పైభాగం లాగుతుంటే, పెడల్ అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. వెనక నుంచి ఎవరినైనా ఫోన్లో వీడియో తియ్యమనండి, నడుము పట్టీ ఊగుతోందో లేదో స్పష్టంగా కనిపిస్తుంది. పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. వయసు మీద పడినవాళ్ళు, మోకాలు ఇంతకు ముందే అరిగినవాళ్ళు 35 వైపే ఉండొచ్చు, పట్టుబట్టి పైకి వెళ్ళక్కర్లేదు.

మీ పాత హెర్క్యులస్ విషయం వేరు. ఆ ఫ్రేముల్లో సీటు పైపు బాగా వెనక్కి వాలి ఉంటుంది, హ్యాండిల్ ఎత్తుగా మన దగ్గరికి వచ్చి ఉంటుంది. మనిషి నిటారుగా కూర్చుంటాడు, బరువంతా సీటు మీదే పడుతుంది, అందుకే ఆ వెడల్పు సీటు, కింద స్ప్రింగులు. ఆ సైకిల్‌కి ఆ సీటే సరి. మాస్టారు సైకిల్ మీద ఒళ్ళు ముందుకి వంగుతుంది, అక్కడ అంత వెడల్పు సీటు పెడితే తొడలు ఒరుసుకుపోతాయి.

నెల్లిమర్ల నర్సు | ఆదివారం మధ్యాహ్నం 2:25

మాస్టారుగారు తిమ్మిరి సంగతి అడిగితే అందరూ ఎత్తు దగ్గరే ఆగిపోయారు. డ్యూటీకి నేనూ నెల్లిమర్ల నుంచి విజయనగరం సైకిల్ మీదే వెళ్తాను, ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, వదిలెయ్యాల్సిన విషయం అసలే కాదు.

మనం కూర్చోవాల్సింది రెండు ఎముకల మీద. గట్టి బల్ల మీద కూర్చుని పిరుదుల కింద చేతులు పెట్టుకుంటే రెండు గట్టి గుబ్బల్లా తగులుతాయి. వాటి మధ్య ఉన్న మెత్తటి చోటు నుంచే అక్కడి నరాలు, రక్తనాళాలు వెళ్తాయి. సీటు ముక్కు పైకి లేచి ఉంటే ఆ చోటు నలుగుతుంది, దాంతో తిమ్మిరి వస్తుంది. జెల్ కవర్ వేస్తే ఎందుకు పెరిగిందంటే, ఎముకలు జెల్‌లోకి దిగిపోతాయి, మధ్యలో ఉన్న జెల్ పైకి ఉబ్బి సరిగ్గా ఆ మెత్తటి చోటునే నొక్కుతుంది. మెత్తగా ఉంటే సుఖం అనేది సోఫాకి సరే, గంటసేపు కాళ్ళు ఆడించే చోట కాదు.

సీటు వెడల్పు మీ ఎముకలకి సరిపోయిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఫ్రిజ్జో టీవీయో వచ్చిన అట్టపెట్టెలోంచి ముక్క కోసి, గట్టి అరుగు మీద వేసి, కాళ్ళు కొంచెం పైకి ఉండేలా దాని మీద ముందుకి వంగి కూర్చోండి. ఒక నిమిషం తర్వాత లేచి వెలుతురులో వాలుగా పట్టుకుంటే రెండు సొట్టలు కనిపిస్తాయి. ఒక సొట్ట మధ్య నుంచి రెండో సొట్ట మధ్యకి కొలవండి. సీటు వెనక భాగం దానికన్నా దాదాపు రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఆడవాళ్ళకి ఈ కొలత సాధారణంగా ఎక్కువ ఉంటుంది, అందుకే ఇంట్లో మగవాళ్ళ సైకిల్ తొక్కే అమ్మాయిలకి ఆ సన్న సీటు నొప్పి పుడుతుంది, వాళ్ళేమో సైకిలే పడదనుకుని మానేస్తారు. చూస్తుంటే బాధేస్తుంది.

ఇంకా, జీన్స్ వేసుకుని దూరం తొక్కకండి, సరిగ్గా నాలుగు కుట్లు కలిసే లావు ముడి కూర్చునే చోటే ఉంటుంది. మన ఉక్కపోతకి చెమట, ఆ కుట్టు కలిసి చర్మం ఊడిపోతుంది. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడి నాలుగు తొక్కులు తొక్కండి, రక్తం ఆడుతుంది. సైకిల్ దిగాక కూడా తిమ్మిరి వదలకపోతే మాత్రం సీటు సవరణలతో కాలయాపన చెయ్యకుండా డాక్టరుకి చూపించుకోండి.

గార రోడ్డు మాస్టారు | ఆదివారం సాయంత్రం 6:50

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ, అందరికీ ధన్యవాదాలు. కాలి కొలత 77 వచ్చింది. సీటు ఇప్పుడు లెక్కకన్నా చాలా కింద ఉంది! కవర్ తీసేశాను. ఎత్తబోతే పైపు కొంచెం కూడా కదలడం లేదు, బోల్టు వదులు చేసినా పట్టేసింది. సుత్తితో కొట్టొచ్చా?

కళింగపట్నం గాలి | ఆదివారం సాయంత్రం 7:04

కొట్టొద్దు మాస్టారూ! ఉప్పు గాలికి మా వైపు ఇది రోజూ చూసేదే. ఫ్రేము ఇనుము, పైపు అల్యూమినియం అయితే రెండూ కరుచుకుపోతాయి, ఇనుములో ఇనుమైతే తుప్పు పట్టి బిగుసుకుంటుంది. పైపు చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే చేసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్న సీటుని రెండు చేతులతో పట్టుకుని కుడికీ ఎడమకీ తిప్పండి, పైకి లాగొద్దు, తిప్పాలి. కిర్రుమని ఒక్కసారి వదిలిందంటే ఇక వచ్చేస్తుంది. కొత్తదే కాబట్టి మీకు తేలికగానే వస్తుంది. బయటికి తీశాక పైపూ, ఫ్రేము లోపలా గుడ్డతో తుడిచి పల్చగా గ్రీజు రాయండి. సముద్రం వైపు తొక్కేవాళ్ళు వానాకాలం వెళ్ళాక ఏడాదికోసారైనా ఈ పని చెయ్యాలి.

నట్టు బోల్టు | ఆదివారం రాత్రి 8:30

పైపు తిరగబెట్టేటప్పుడు సీటు ముక్కు పట్టుకుని బలం వెయ్యొద్దు, సీటు కింద కడ్డీలు వంగిపోతాయి. వెనక భాగం పట్టుకోండి.

గార రోడ్డు మాస్టారు | బుధవారం రాత్రి 8:10

పైపు వచ్చేసింది, గ్రీజు రాశాను. ఒక అంగుళం ఎత్తాను. వంతెన మీద తేడా వెంటనే తెలిసింది, ఒక గేరు బరువుగా పెట్టుకున్నా ఎక్కేస్తున్నాను. మోకాలి సలుపు సగం తగ్గింది. తిమ్మిరి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నర్సమ్మగారు చెప్పాక చూస్తే సీటు ముక్కు నిజంగానే పైకి లేచి ఉంది. దాన్ని బాగా కిందికి వంచెయ్యనా?

కొత్తవలస రైడర్ | బుధవారం రాత్రి 9:00

బాగా వంచొద్దు. బాగా వంచితే మీరు ముందుకి జారిపోతూ ఉంటారు, ఆ జారుడుని ఆపడానికి చేతులతో హ్యాండిల్ని నెడుతూ ఉంటారు, పది రోజుల్లో అరచేతులు తిమ్మిరెక్కాయని ఇంకో ప్రశ్న వేస్తారు. సమతలంగా పెట్టండి. సీటు మీద వెనక నుంచి ముక్కు దాకా ఒక గట్టి అట్ట లేదా స్కేలు పెట్టి, దాని మీద మేస్త్రీల రసమట్టం ఉంచండి, లేదంటే ఫోన్లో మట్టం చూపించే యాప్ ఉంటుంది. సైకిల్ మాత్రం సమంగా ఉన్న గచ్చు మీద నిలబెట్టాలి. అప్పటికీ నొక్కుతుంటే ముక్కుని ఒకటి రెండు డిగ్రీలు దించండి, అంతకు మించి వద్దు.

ఎత్తు, వాలు కుదిరాక ముందుకీ వెనక్కీ చూడాలి. గోడకి ఆనుకుని సీటెక్కి, రెండు పెడల్స్ నేలకి సమాంతరంగా పెట్టండి. ముందున్న కాలి మోకాలి చిప్ప కింద ఉన్న గుబ్బ నుంచి గుండు కట్టిన దారం వేలాడదీస్తే అది ఆ కాలి కింద ఉన్న పెడల్ సొంత ఇరుసు మీదుగా పోవాలి. మోకాలు మరీ ముందుంటే సీటు వెనక్కి జరపండి. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే గుర్తు అంతే, దీన్నే శాసనంలా పట్టుకోకండి. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, పైపు సుమారు 73 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి సీటు ఒక సెంటీమీటరు ఎత్తితే అది మూడు మిల్లీమీటర్లు వెనక్కి కూడా పోతుంది. సీటు వెనక్కి జరిపితే పెడల్ దూరమవుతుంది, అప్పుడు ఎత్తు కాస్త తగ్గించుకోవాలి. అందుకే ఒక రోజు ఒకటే మార్చండి.

నట్టు బోల్టు | బుధవారం రాత్రి 9:40

వంచేటప్పుడు జాగ్రత్త. మామూలు సైకిళ్ళలో సీటు కింద క్లిప్పుకి రెండు పక్కలా నట్లు ఉంటాయి, లోపల చక్రాల్లాంటి బిళ్ళలకి పళ్ళు ఉంటాయి. నట్లు కొంచెం వదులు చేసి సీటుని బలవంతంగా తిప్పితే ఆ పళ్ళు నున్నగా అరిగిపోతాయి, ఆ తర్వాత ఎంత బిగించినా గతుకులో పడగానే ముక్కు పైకి లేస్తుంది. పళ్ళు పూర్తిగా విడేదాకా వదులు చెయ్యండి, సీటు మీకు కావాల్సిన వాలులో పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తే పళ్ళు ఒకదాంట్లో ఒకటి కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు కుడి పక్క కాస్త, ఎడమ పక్క కాస్త మార్చి మార్చి బిగించండి. కింద నుంచి అలెన్ బోల్టు (తలలో ఆరు మూలల గుంట ఉండేది) ఉన్న రకమైతే ఇంకా సులువు, ఒక్క బోల్టుతో వాలు, ముందువెనకలు రెండూ అయిపోతాయి. ఒకటి రెండు రోజులు తొక్కాక మళ్ళీ ఒకసారి పానా వెయ్యండి, మొదట్లో కొంచెం వదులవుతుంది.

బొబ్బిలి పీఈటీ | గురువారం ఉదయం 5:50

మాస్టారూ, మీ బళ్ళో కూడా ఒక పని చెయ్యండి. అప్పట్లో ప్రభుత్వం బడికొస్తా పథకంలో ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చినప్పుడు మా పిల్లలవి వరసగా నిలబెట్టి చూశాం. తొమ్మిదో తరగతి పిల్లల్లో ఒకరి పొడవు ఒకరికి ఉండదు, సీట్లు మాత్రం అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఇంట్లో ఎవరూ వాటిని ముట్టుకోరు. ఒక పానా, ఒక టేపు తీసుకుని డ్రిల్ పీరియడ్‌లో మడమ పద్ధతిలో అందరికీ సరిచేశాం. పొడుగు పిల్లలు గుండెల దాకా మోకాళ్ళు లేపి తొక్కేవాళ్ళు, వాళ్ళే ఆ తర్వాత ముందు వెళ్ళిపోయేవాళ్ళు. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకి మాత్రం కాళ్ళు ఆనేలా కిందికే పెట్టాం, భయం పోయాక కొంచెం కొంచెం ఎత్తాం.

పాత హెర్క్యులస్ | గురువారం ఉదయం 7:30

నిన్న సాయంత్రం నాదీ ఒక వేలెడు ఎత్తించాను. అంతకన్నా ఎత్తను, ఈ వయసులో నాకు కాలు కింద తగలాల్సిందే, కానీ ఆ వేలెడుకే అరసవల్లి దాకా వెళ్ళొచ్చినా తొడలు పట్టెయ్యలేదు. ఈ మాట చెప్పాలనిపించింది.

నెల్లిమర్ల నర్సు | గురువారం ఉదయం 8:05

చాలా సంతోషం బాబాయ్. మీ వయసుకి అదే సరైన ఎత్తు, ఇంకా పైకి పోవద్దు.

గార రోడ్డు మాస్టారు | తర్వాతి సోమవారం రాత్రి 9:20

సీటు సమతలంగా పెట్టి ఒక డిగ్రీ దించాను, ఎత్తు ఇప్పుడు 66.5. తిమ్మిరి పోయింది. మోకాలు మెట్లెక్కేటప్పుడు అడపాదడపా గుర్తుచేస్తోంది కానీ తొక్కేటప్పుడు నొప్పి లేదు. ఇంకో సెంటీమీటరు ఎత్తాలనుకుంటే పైపు మీద గీతలు సరిగ్గా ఫ్రేము అంచుకి వచ్చేశాయి. పొడుగు పైపు ఏ సైజు అడగాలి? మా బడిలో పిల్లల సైకిళ్ళు కూడా శనివారం చూస్తున్నాం.

నట్టు బోల్టు | తర్వాతి సోమవారం రాత్రి 9:45

మీదైతే ఇక ఎత్తకండి, పైపు మార్చాకే. ఉన్న పైపు పూర్తిగా బయటికి తీస్తే కింది వైపు లావు ఎంతో అచ్చు వేసి ఉంటుంది, 25.4 అనో 27.2 అనో. సరిగ్గా అదే అంకె కావాలి, అర మిల్లీమీటరు సన్నదైనా బిగింపు నిలవదు, లావుదైతే దిగదు. అచ్చు చెరిగిపోతే పాత పైపే వెంట తెండి, వెర్నియర్‌తో కొలిచి ఇస్తాను. పొడవు 35 సెంటీమీటర్లది అడగండి. పిల్లల సైకిళ్ళకి శనివారం రెండు మూడు సైజుల పానాలు పట్టుకెళ్ళండి, అందరివీ ఒకే నట్లు ఉండవు.